గుండు, బద్ద, ముక్క

మా నాన్న సైకిలు స్టాండు వేసే చప్పుడులో
ఆ రాత్రి సంగతంతా ఉండేది.
మెల్లగా పడితే అన్నం తినొచ్చు.
ఠప్పుమంటే
నేనూ తమ్ముడూ పలకలు ముందేసుకుని
రాయడానికేమీ లేకపోయినా రాసేవాళ్లం.
కాశీబుగ్గకి వాన రేడియో చెప్పేది.
మా ఇంటి వాతావరణం నేను చెప్పేదాన్ని.
ఏడేళ్లకే. ఒక్కసారీ తప్పలేదు.

అమ్మ జీడిపిక్కలు కొట్టేది, కిలో లెక్కన కూలి.
బడి నుంచి రాగానే నేనూ కూచునేదాన్ని.
చేతులకి బూడిద రాసుకోవడం మరిచిపోతే
పిక్క నూనె తోలు తినేస్తుంది.
ఆరో క్లాసులో హిందీ మాస్టారు
నల్లబడ్డ నా వేళ్లని బెంచీ మీద పెట్టించి
కణుపుల మీద కొట్టి
"మురికి గుంట" అన్నారు.
క్లాసంతా నవ్వింది.
దసరా సెలవులకి ఆ నలుపు పొరలుగా ఊడిపోయింది.
మాట ఊడలేదు.

దెబ్బల గురించైతే చెప్పడం తేలిక.
బెల్టు, పచ్చి వెదురు, ఓసారి చెప్పు.
చెప్పలేనిది ఆ పదకొండు రోజులు.
మంచినీళ్ల కుండ పగలగొట్టానని
నాన్న నాతో మాట్లాడలేదు,
ఇంట్లో ఎవర్నీ మాట్లాడనివ్వలేదు.
కంచంలో బువ్వ ఉండేది. పిలుపు ఉండేది కాదు.
ఆరోనాటికి
నేనున్నానో లేనో తెలీక
గోడకి అరచెయ్యి ఆనించి చూసుకునేదాన్ని.
పన్నెండోనాడు "ఒలే, గ్లాసుడు నీళ్లు తే" అన్నాడు.
అంత సంతోషం నాకు పెళ్లినాడు కూడా లేదు.
ఇవాళ్టికీ నాకు సిగ్గు ఆ సంతోషం గురించే.

అమ్మ చూసేది. చూడనట్టు చూసేది.
తలొంచుకుని పప్పు ఏరేది,
గుండు ఒక డబ్బాలో, బద్ద ఒక డబ్బాలో,
ముక్కంతా అడుగున గోనె మీద.
అమ్మా, నన్నెందులో వేశావు?
అడగలేదు.
స్నానం చేస్తున్నప్పుడు ఆమె వీపు చూశాను ఒకసారి.

ఇప్పుడు నాకు ముప్పై ఆరు.
బల్లకి తగిలితే బల్లకి సారీ చెప్తాను.
"నీతో కొంచెం మాట్లాడాలి" అని ఎవరన్నా కాళ్లు చల్లబడతాయి.
మా ఆయన ఫాను వెయ్యడానికి చెయ్యెత్తితే
నా తల దానంతటదే వంగుతుంది.
పధ్నాలుగేళ్ల కాపురం, ఒక్కనాడూ చెయ్యి చేసుకోలేదు.
తలకి అది తెలీదు.
ఇప్పుడతను ముందే చెప్తాడు, "ఫాను వేస్తన్నా."
చెప్పి వేస్తాడు.

తమ్ముడు భీమారావుది వేరే దారి.
కొడుకుని గోడకుర్చీ వేయించి
"మనం బాగుపడలేదా ఏటి?" అంటాడు.
నవ్వుతాడు.
నవ్వుతూ ఎడమ చెవి తడుముకుంటాడు,
వినపడని చెవి.

శ్రీకాకుళంలో డాక్టరమ్మ అడిగింది,
మీ నాన్నగారి మీద కోపముందా అని.
"బట్టీ దగ్గర పొగలో పన్నెండు గంటలు నిలబడేవాడమ్మా" అన్నాను.
"నేనడిగింది అది కాదు" అంది.
బస్సుకి టైమైందని లేచి వచ్చేశాను.
టెక్కలి దాటినా జవాబు రాలేదు.

మొన్నాదివారం వంటింట్లో పింగాణీ జాడీ పగిలింది.
ఒళ్లంతా ఏడేళ్లదయిపోయింది నాకు.
కుడిచెయ్యి మాత్రం మా నాన్నది.
అది లేవడం నేను చూశాను.
చార్వి చూడనేలేదు.
"అమ్మా, పడిపోయింది! చెప్పులేసుకుని రా, గుచ్చుకుంటాయి"
అంది, నాతో.

ఎంత నిశ్చింతగా పగలగొట్టింది!
చెప్పకూడదు గానీ
కన్నకూతురి మీద అసూయ వేసింది.
దించిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలీక
చీపురు అందుకున్నాను.

ఇద్దరం ఏరుతున్నాం.
పెద్ద పెంకులు ఒక పక్క, చిన్నవి ఒక పక్క.
వీధిలో ఎవరో సైకిలు స్టాండు వేశారు.
నా చేతులు ఆగాయి.
"ఏటమ్మా?" అంది.

ఏం లేదు, అనబోయాను.
ముప్పై ఏళ్లుగా అదే అంటున్నాను.
పెంకు పక్కన పెట్టి
నేల మీద కూచున్నాను.